ఒకే ‘సవతి’, రెండు చుట్టరికాలు: స్టెప్ సిస్టర్, హాఫ్ సిస్టర్

అందరికీ నమస్కారం.

నేను అనువాదాలు చేసుకుని బతికేదాన్ని. ఇవాళ రెండే రెండు ఇంగ్లీషు మాటల గురించి మాట్లాడతాను. ఒకటి స్టెప్ సిస్టర్, రెండోది హాఫ్ సిస్టర్. సిస్టర్ బదులు బ్రదర్ అన్నా లెక్క మారదు. డిక్షనరీ తీస్తే రెండు నిమిషాల్లో అయిపోయే విషయం కదా అని మీకనిపించవచ్చు. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. ఒకరోజు ఒక ఆసుపత్రి గదిలో ఈ రెండు మాటల దగ్గరే పెద్ద తప్పు చేశాను. అందుకే ముందు ఆ సంగతి చెప్పి అసలు విషయంలోకి వస్తాను.

కొన్నేళ్ల కిందట తెలుగు తప్ప వేరే భాష రాని ఒక కుటుంబానికీ, తెలుగు రాని ఒక డాక్టరుగారికీ మధ్య దుబాసిగా కూర్చున్నాను. కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా లేవు. రక్తానికి సంబంధించిన జబ్బు. మూలకణాల మార్పిడి చెయ్యాలి, దానికి దాత కావాలి. డాక్టరుగారు కాగితం ముందు పెట్టుకుని, తోడబుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నేను తెలుగులో అడిగాను. తల్లి అంది: “లేరమ్మా, నాకు వీడొక్కడే. నా సవతి కూతురొకత్తి ఉంది, అంతే.”

సవతి కూతురంటే స్టెప్ డాటర్. అంతవరకూ సరిగ్గానే ఉంది. తల్లికి స్టెప్ డాటర్ అయితే కొడుక్కి స్టెప్ సిస్టర్ అవుతుంది కదా అని నా బుర్ర దానంతటదే లెక్క కట్టేసింది. “ఒక స్టెప్ సిస్టర్ ఉంది” అని చెప్పాను. డాక్టరుగారు తలూపి, ఏమీ రాసుకోకుండా కాగితం తిప్పేశారు.

రెండు రోజుల తర్వాత సంతకాలు పెట్టడానికి వచ్చిన తండ్రి నన్ను పక్కకి పిలిచి, “మా పెద్దమ్మాయిని కూడా పరీక్షకి రమ్మనాలా?” అని అడిగాడు. మా పెద్దమ్మాయి! ఆ మాట వినగానే నాకు ఒళ్లు చల్లబడింది. ఆయన మొదటి భార్య కూతురు. అంటే కుర్రాడికీ ఆమెకీ తండ్రి ఒక్కడే. కుర్రాడి తల్లికి ఆమె స్టెప్ డాటరే, కానీ కుర్రాడికి హాఫ్ సిస్టర్. పరుగెత్తుకెళ్లి డాక్టరుగారికి నా తప్పు చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా అనకుండా పెన్ను తీసుకుని ఆమె పేరు రాసుకున్నారు.

ఒకే మనిషి ఒకే ఇంట్లో ఒకరికి స్టెప్, ఇంకొకరికి హాఫ్ అవుతుందన్నది ఆరోజు నాకు తట్టలేదు. అది తడితే మిగతాదంతా సులువు. బోర్డు మీద ఒక ఇల్లు గీస్తాను, చూడండి.

ఇక్కడ ఒక భర్త, ఒక భార్య. ఇద్దరికీ ఇది రెండో పెళ్లి. భర్తకి మొదటి పెళ్లిలో పుట్టిన కూతురు లత. భార్యకి మొదటి పెళ్లిలో పుట్టిన కొడుకు వేణు. ఈ పెళ్లి తర్వాత ఇద్దరికీ పుట్టిన పిల్ల చిన్ని. ఇప్పుడు లతకీ వేణుకీ ఏమిటి చుట్టరికం? తల్లి వేరు, తండ్రి వేరు. పెద్దవాళ్లు పెళ్లి చేసుకున్నారు కాబట్టి ఒక ఇంట్లోకి వచ్చారు. వీళ్లు స్టెప్. లతకీ చిన్నికీ? తండ్రి ఒకడు. హాఫ్. వేణుకీ చిన్నికీ? తల్లి ఒకతి. ఇదీ హాఫే. చిన్ని పుట్టినంత మాత్రాన లతా వేణూ హాఫ్ అయిపోరు. ఇద్దరికీ రక్తం పంచుకున్న చెల్లెలు ఒకతే అయినా, వాళ్లిద్దరూ ఒకరికొకరు స్టెప్‌గానే ఉంటారు. ఇక్కడ చాలామంది తడబడతారు. “నా తమ్ముడి అక్క నాకూ అక్కే కదా” అనుకుంటారు. ప్రేమలో అవుతుంది, ఈ లెక్కలో అవదు.

అంటే ఈ రెండు మాటలూ రెండు వేరు వేరు ప్రశ్నలకి జవాబులు. మీ ఇద్దరికీ కన్నవాళ్లలో ఒకరు ఉమ్మడిగా ఉన్నారా అన్నదానికి జవాబు హాఫ్. మీ అమ్మో నాన్నో పెళ్లి చేసుకోవడం వల్ల కలిశారా అన్నదానికి జవాబు స్టెప్. ఒకటి పుట్టుక, ఒకటి పెళ్లి.

అనుమానం వస్తే నేను వాడే పరీక్ష ఒకటుంది. ఆ మాటకి ముందు ‘మాజీ’ అని తగిలించి చూడండి. పెద్దవాళ్లు విడాకులు తీసుకుంటే లతా వేణూ మాజీ స్టెప్ బ్రదర్, మాజీ స్టెప్ సిస్టర్ అవుతారు. ఇంగ్లీషువాళ్లు అలా అంటారు కూడా. మాజీ హాఫ్ బ్రదర్ అన్న మాట మాత్రం ఎక్కడా వినం. పెళ్లి రద్దు చేసుకోవచ్చు, పుట్టుకని రద్దు చేసుకోలేం.

ఇప్పుడు మాటల పుట్టుక. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది, కాస్త ఎక్కువసేపు మాట్లాడితే ఏమనుకోకండి.

స్టెప్ అనగానే మనకి మెట్టు, అడుగు గుర్తొస్తాయి. ఒక అడుగు దూరపు చుట్టం కాబట్టి స్టెప్ అంటారని నాకు చిన్నప్పుడు ఒకరు చెప్పారు. నేనూ అది నమ్మి పదిమందికి చెప్పాను. అది తప్పు. ఆ స్టెప్పుకీ ఈ స్టెప్పుకీ ఏ సంబంధమూ లేదు. పాత ఇంగ్లీషులో వేరే మాటల ముందు చేరే ‘స్టెయోప్’ అనే ముక్క ఒకటి ఉండేది. దాని చుట్టాలు జర్మన్‌లో ‘స్టీఫ్’, స్వీడిష్‌లో ‘స్టివ్’. కోల్పోవడం, అయినవాళ్లు లేకుండా పోవడం దాని అర్థం. ‘స్టెయోప్‌చిల్డ్’ అంటే అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న బిడ్డ, అనాథ. యోహాను సువార్తలో “మిమ్మును అనాథలనుగా విడువను” అనే వాక్యం మీలో చాలామంది వినే ఉంటారు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషు అనువాదంలో ఆ అనాథలన్న చోట ఉన్న మాట ఇదే, స్టెయోప్‌చిల్డ్.

ఒక్కసారి ఆలోచించండి. ఈ రోజు స్టెప్ మదర్ అనగానే కథల్లోని క్రూరమైన ఆడమనిషి కళ్ల ముందుకొస్తుంది. కానీ ఆ మాట పుట్టినప్పుడు దాని అర్థం తల్లిలేని పిల్లలకి తల్లిగా వచ్చిన మనిషి అని. అందులో ఉన్న దుఃఖం పిల్లలది. ఆ మాట లోపల ఒక చావు ఉంది, ఆ చావు తర్వాత ఆ పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన ఒక మనిషి ఉంది. తర్వాత విడాకులు వచ్చాయి, రెండో పెళ్లికి ఎవరూ చనిపోనక్కర్లేదు. మాట అలాగే ఉండిపోయింది, లోపలున్న అర్థం ఇంకిపోయింది.

ఇంకో చిన్న విషయం చెప్పి ముందుకి వెళ్తాను. 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలలు చదివేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అప్పట్లో మదర్ ఇన్ లా అంటే అత్తగారు మాత్రమే కాదు, మారుతల్లిని కూడా అలా అనేవారు. అమ్మ చనిపోయాక నాన్న చేసుకున్న ఆవిణ్ణి ఒక పాత్ర మదర్ ఇన్ లా అంటే, ఈ అబ్బాయికి పెళ్లెప్పుడయిందని వెనక్కి తిరిగి వెతుక్కోవద్దు.

ఇక హాఫ్. ఇది రక్తం లెక్క నుంచి వచ్చింది. అమ్మానాన్నా ఇద్దరూ ఒకరే అయితే నిండు రక్తం, ఒక్కరే అయితే సగం రక్తం అనేవారు ఇంగ్లండు లాయర్లు. ఆ సగం అన్న మాటకి వాళ్లు వేసిన శిక్ష వింటే బాధేస్తుంది. అక్కడి పాత చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా చనిపోయినవాడి భూమి అతని సగం రక్తపు అన్నకో తమ్ముడికో దక్కేది కాదు. ఎక్కడో దూరపు దాయాదికి వెళ్లేది. ఎవరూ దొరక్కపోతే ఆ భూమి మీద పై హక్కున్న దొరకి వెళ్లిపోయేది. ఒకే తండ్రికి పుట్టి ఒకే ఇంట్లో పెరిగిన తమ్ముడు మాత్రం బయటే నిలబడేవాడు. 1833లో వారసత్వ చట్టం మార్చాకే వాళ్లకి వరసలో చోటు దొరికింది, అదీ నిండు రక్తంవాళ్ల తర్వాత. 1925లో వచ్చిన చట్టం కూడా ఇంగ్లండులో అదే వరస పెట్టింది. నిండు రక్తపు అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు ఉంటే సగం రక్తంవాళ్లకి వాటా రాదు. స్టెప్ బ్రదర్‌కయితే ఆ జాబితాలో అసలు చోటే లేదు. అతనికి ఏదైనా రావాలంటే వీలునామా ఉండాల్సిందే.

ఆ పాత చట్టం రైతు పొలానికి అంత కచ్చితంగా వర్తించింది కానీ కిరీటం దగ్గర వర్తించలేదు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి ముగ్గురు పిల్లలు మిగిలారు. ఆరగాన్ కేథరిన్‌కి మేరీ, ఆన్ బొలీన్‌కి ఎలిజబెత్, జేన్ సీమోర్‌కి ఎడ్వర్డ్. తండ్రి ఒకడు, తల్లులు ముగ్గురు. 1553లో, రాజుగా ఉన్న పదిహేనేళ్ల ఎడ్వర్డ్ చనిపోయాక మేరీ రాణి అయింది, 1558లో మేరీ పోయాక ఎలిజబెత్ రాణి అయింది. రెండుసార్లూ రాజ్యం సగం రక్తానికే వెళ్లింది. 18వ శతాబ్దపు న్యాయపండితుడు బ్లాక్‌స్టన్ ఇదే ఉదాహరణ చూపించి, కిరీటానికి సగం రక్తం అడ్డు కాదని రాశాడు. సామాన్యుడి పొలం దగ్గర మాత్రం ఆ అడ్డు అలాగే నిలబడింది. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

సరే, మనం తెలుగుకి వద్దాం. నేను ఆసుపత్రిలో తప్పు చెయ్యడానికి కారణం ‘సవతి’ అన్న మాటే. సంస్కృతంలో సపత్ని అంటే ఒకే భర్త ఉన్న ఇంకో స్త్రీ. సవతి అన్నది దాన్నుంచి వచ్చిందే. అంటే మన మాట రక్తాన్నీ చూడదు, పిల్లల దుఃఖాన్నీ చూడదు. ఇద్దరు ఆడవాళ్ల మధ్య పోరుని చూస్తుంది. నిజానికి సవతి తమ్ముడు అంటే అమ్మ సవతికి పుట్టినవాడు, అంటే తండ్రి ఒకడు, తల్లులు వేరు. అది అచ్చంగా ఒక రకం హాఫ్ బ్రదరే! మరి వేణులాంటివాడు, అంటే నాన్న చేసుకున్నావిడ వెంట వచ్చిన మొదటి పెళ్లి కొడుకు, సవతి తమ్ముడు ఎలా అవుతాడు? తల్లి ఒకతి, తండ్రులు వేరైన వాళ్ల మధ్య సవతి అన్నదే ఎక్కడుంది? అయినా మనం అన్నిటికీ సవతి అనే అంటాం. పత్రికల్లోనూ అదే, సబ్‌టైటిల్స్‌లోనూ అదే. ఒకే మాట మూడు చుట్టరికాల్ని మోస్తోంది. పైగా దానికి పుట్టుకతోనే ఒక చేదు అంటుకుని ఉంది.

సోదరుడు అన్నా చిక్కే. స ఉదర, ఒకే కడుపున పుట్టినవాడు. గ్రీకులో అన్నదమ్ముణ్ణి ‘అడెల్ఫోస్’ అంటారు. అదీ ఒకే గర్భం అన్న అర్థంలోంచి వచ్చిన మాటే. రెండు పాత భాషలూ చుట్టరికాన్ని కడుపు నుంచే లెక్కపెట్టాయి. పూర్వం ఏథెన్సులో తండ్రి ఒకడై తల్లులు వేరైతే పెళ్లికి చట్టం ఒప్పుకునేది, తల్లి ఒకతైతే ఒప్పుకునేది కాదు. మనం అన్నదమ్ములంటే రామలక్ష్మణుల్లా ఉండాలని అంటాం కదా. వాళ్లు ఒక కడుపున పుట్టినవాళ్లు కాదు. కౌసల్య కొడుకు ఒకడు, సుమిత్ర కొడుకు ఒకడు. ఇంగ్లీషులో చెప్పాలంటే హాఫ్ బ్రదర్స్. ఇది మీలో ఎవరికీ తెలియని సంగతేం కాదు. కానీ రామలక్ష్మణులనే మాట పక్కన ‘సవతి’ అని ఎప్పుడైనా అనిపించిందా? నాకయితే ఈ ప్రసంగం రాసుకునేదాకా అనిపించలేదు.

ఈ చిక్కు మనకొక్కరికే కూడా కాదు. ఫ్రెంచిలో ‘దెమీ ఫ్రేర్’ అంటే మాటకి మాట సగం అన్న అనే. కానీ మామూలు సంభాషణలో స్టెప్ బ్రదర్‌నీ అలాగే అంటారు. కచ్చితంగా చెప్పాల్సి వస్తే తల్లి వైపు, తండ్రి వైపు అని వేరే మాటలు తీస్తారు.

ఇప్పుడు మళ్లీ ఆసుపత్రికి. ఆ డాక్టరుగారు అంత తొందరగా పెన్ను ఎందుకు తీశారో చెప్పాలి.

మనలో ప్రతి ఒక్కరికీ అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం జన్యువులు వస్తాయి. ఒకే అమ్మానాన్నలకి పుట్టినవాళ్లు సగటున 50 శాతం పంచుకుంటారు. హాఫ్ అయితే సగటున 25 శాతం. తాతకీ మనవడికీ, మేనమామకీ మేనల్లుడికీ మధ్య ఉండేది కూడా అంతే. స్టెప్ అయితే ఏమీ ఉండదు, దారిన పోయేవాడితో ఎంతో అంతే. అందుకే మీ కుటుంబంలో ఎవరికైనా గుండెజబ్బు ఉందా, ఫలానా క్యాన్సర్ ఉందా అని ఆసుపత్రిలో అడిగితే, హాఫ్ సిస్టర్ జబ్బు చెప్పి తీరాలి. స్టెప్ సిస్టర్ జబ్బు ఆ లెక్కలోకి రాదు.

మూలకణాల మార్పిడిలో హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులు కలవాలి. ఇవి అమ్మ నుంచి ఒక కట్ట, నాన్న నుంచి ఒక కట్టగా వస్తాయి. నిండు తోడబుట్టినవాళ్లతో రెండు కట్టలూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి. హాఫ్ సిస్టర్‌కి రెండో కట్ట వేరే తల్లిది కాబట్టి పూర్తిగా కలుస్తుందని ఆశపెట్టుకోలేం. కానీ నాన్న నుంచి వచ్చే కట్ట ఇద్దరికీ ఒకటే అయ్యే అవకాశం రెండింట ఒకటి. సగం కలిసిన దాతతో కూడా ఇప్పుడు మార్పిడి చేస్తున్నారు. నా ఒక్క మాటతో ఆ అవకాశం కాగితం మీదకి కూడా రాకుండా పోయేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

పెళ్లి విషయంలో కూడా తేడా ఉంది. ఇంగ్లండులో హాఫ్ బ్రదర్, హాఫ్ సిస్టర్ పెళ్లి చేసుకోకూడదు. అక్కడి 1949 వివాహ చట్టంలో బ్రదర్ అన్న మాటలో సగం రక్తంవాళ్లూ వస్తారని రాసి ఉంది. స్టెప్ అయితే ఆ అడ్డు లేదు. పూర్వం రోములో ఒక విచిత్రం జరిగింది. క్లాడియస్ చక్రవర్తి కూతురు ఆక్టేవియా. ఆయన చేసుకున్న అగ్రిప్పీనా వెంట వచ్చిన కొడుకు నీరో. ఇద్దరూ స్టెప్. వాళ్లకి పెళ్లి చెయ్యాలనుకున్నారు. కానీ క్లాడియస్ అప్పటికే నీరోని దత్తత తీసుకున్నాడు, దాంతో చట్టం దృష్టిలో వాళ్లు అన్నాచెల్లెళ్లయిపోయారు. అందుకని ఆక్టేవియాని వేరే కుటుంబానికి దత్తత ఇచ్చి, ఆ తర్వాత క్రీ.శ. 53లో పెళ్లి చేశారు. దత్తత అన్నది స్టెప్‌ని చట్టం ముందు నిండు చుట్టరికంగా మార్చెయ్యగలదన్నమాట. కాబట్టి ఏదైనా దస్తావేజు అనువాదం చేస్తుంటే, దత్తత జరిగిందా అన్న ప్రశ్న కూడా తప్పకుండా అడగండి.

మరి తెలుగులో ఏమని రాయాలి? నేనిప్పుడు సవతి అన్న మాట వాడటం దాదాపు మానేశాను. హాఫ్ సిస్టర్ అని కనిపిస్తే “తండ్రి ఒకరే, తల్లులు వేరు” అనో, “తల్లి ఒకరే, తండ్రులు వేరు” అనో విడమరిచి రాస్తాను. ఏ వైపో తెలియకపోతే రాసినవాళ్లని అడుగుతాను. స్టెప్ అని ఉంటే “మారుతల్లి మొదటి పెళ్లి కూతురు” అనో, “మారుతండ్రి కొడుకు” అనో రాస్తాను. మారు అన్న మాట నాకు నచ్చుతుంది. ఒకరి చోట్లోకి మరొకరు వచ్చారని చెబుతుంది, ఎవరినీ తిట్టదు. వాక్యం కాస్త పొడుగవుతుంది. అవనివ్వండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, వెనకాల నుంచి చెప్పండమ్మా.

[సభలో నుంచి ప్రశ్న: ఇంట్లో మనుషుల మధ్య కూడా ఇలా విడదీసి మాట్లాడాలంటారా? నన్ను చిన్నప్పుడు ఎవరో హాఫ్ సిస్టర్ అని పరిచయం చేస్తే చాలా బాధనిపించింది.]

వద్దమ్మా. ఇంట్లో అవసరం లేదు. ఆ మాటలు ఆసుపత్రి కాగితానికీ, కోర్టు కాగితానికీ. మనం అక్కనీ అన్ననీ ఎదురుగా పిలిచేటప్పుడు ఎవరమైనా “సవతక్కా” అని పిలుస్తామా? అక్కా అనే పిలుస్తాం. పరిచయం చేసేటప్పుడు కూడా అంతే చాలు. మిమ్మల్ని అలా పరిచయం చేసినవాళ్లకి ఆ సగం అన్న మాట ఎంత గుచ్చుకుంటుందో తెలిసి ఉండదు.

ఇందాక మేరీ, ఎలిజబెత్ అని ఇద్దరి పేర్లు చెప్పాను కదా. వాళ్లిద్దరికీ పడేది కాదు. 1554లో మేరీ ఎలిజబెత్‌ని లండన్ టవర్‌లో బంధించింది కూడా. వాళ్లిద్దరినీ లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీ అనే చర్చిలో ఒకే సమాధిలో పెట్టారు. పైన పడుకుని ఉన్న పాలరాతి బొమ్మ ఎలిజబెత్‌ది ఒక్కదానిదే, మేరీకి బొమ్మ లేదు. కానీ కింద లాటిన్‌లో రెండు పేర్లూ ఉన్నాయి. సింహాసనంలోనూ సమాధిలోనూ జతగా, పునరుత్థానం మీద ఆశతో ఇక్కడ నిద్రపోతున్నాం అని ఆ ఇద్దరే చెబుతున్నట్టు రాశారు. ఎలిజబెత్, మేరీ అన్న పేర్ల తర్వాత అక్కడ చెక్కిన మాట ‘సోరోరెస్’. అక్కచెల్లెళ్లు అని. దాని ముందు సగం అని లేదు.